రివెన్ ఆడాలా? ముందో నోట్‌బుక్ కొనుక్కోండి

సీక్వెల్ అనగానే మనలో ఒక అనుమానం బయల్దేరుతుంది. మొదటిది ఆడింది కాబట్టి రెండోది వదిలారు, అంతేగా అని. సినిమాలకే కాదు, వీడియో గేమ్‌లకూ ఇదే లెక్క. అదే హీరో, అవే లెవెల్స్, ఇంకాస్త పెద్ద బాంబులు. పజిల్ ఆటలకైతే ఇబ్బంది ఇంకా ఎక్కువ. విప్పేసిన పొడుపు కథను రెండోసారి అడిగితే ఎవరికి సరదా? అందుకే మొన్న ఆఫీసులో ఓ జూనియర్ "అన్నా, రివెన్ డిస్కౌంట్‌లో ఉంది, కొనొచ్చా?" అని అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను. "కొను, కానీ..." అని మొదలుపెట్టాను. ఆ 'కానీ' తర్వాత చెప్పేసరికి టీ చల్లారిపోయింది. అదంతా ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నా.

తెలియనివాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్దాం. 1993లో 'మిస్ట్' అనే ఆట వచ్చింది. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకాన్ దగ్గర సయాన్ అనే చిన్న సంస్థ, దాన్ని నడిపే రాండ్ మిల్లర్, రాబిన్ మిల్లర్ అనే అన్నదమ్ములు. ఆపిల్ మాకింటాష్‌లో అప్పట్లో హైపర్‌కార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఉండేది. ఒక కార్డు మీద నొక్కితే ఇంకో కార్డు తెరుచుకుంటుంది. మన వెబ్‌పేజీల్లాంటిదే, కాకపోతే వెబ్ ఇంకా జనంలోకి రాకముందు. ఆ కార్డుల మీద బొమ్మలు పేర్చి ఒక నిర్మానుష్యమైన దీవిని కట్టేశారు వాళ్లు. తుపాకీ లేదు, టైమర్ లేదు, స్కోరు లేదు. నడవడం, చూడడం, మీటలు నొక్కడం, అంతే. ఇలాంటిది ఎవరు కొంటారు అనిపిస్తుంది కదా. 60 లక్షలకు పైగా కాపీలు అమ్ముడుపోయాయి. 2002లో 'ద సిమ్స్' దాటేదాకా పీసీ ఆటల అమ్మకాల్లో అదే నంబర్ వన్.

రెండో భాగం 'రివెన్' 1997 చివర్లో వచ్చింది, ఐదు సీడీల్లో. ఒక దీవి నుంచి ఇంకో దీవికి వెళ్లాలంటే లేచి సీడీ మార్చాలి. నేను పుట్టిన రోజుల నాటి ఆట. 2024 జూన్‌లో అదే సంస్థ దాన్ని పునాదుల నుంచి కొత్తగా కట్టి మళ్లీ విడుదల చేసింది. నేను పాతదీ ఆడాను, కొత్తదీ ఆడాను. ఆడదగ్గదేనా అంటే, అవును. నా దృష్టిలో మిస్ట్ కంటే మంచి ఆట. కానీ షరతు ఒకటుంది. అది చెప్పాలంటే ముందు ఈ రెండింటికీ తేడా చెప్పాలి.

మిస్ట్‌లో పజిళ్లు తాళంకప్పల్లాంటివి. కప్ప ఇక్కడ, తాళంచెవి ఇంకెక్కడో. నక్షత్రాల గుర్తులు సరిగ్గా నొక్కితే మునిగిపోయిన ఓడ పైకి తేలుతుంది. సరదాగానే ఉంటుంది. కానీ ఓడను అలా ఎవరు ముంచారు, ఎందుకు ముంచారు, రోజూ ఇంటికి వెళ్లేవాడు ఇంత తతంగం పెట్టుకుంటాడా అని అడిగితే జవాబు లేదు. మీరు విప్పడానికే పెట్టారు, విప్పండి. అంతకు మించి దానికి వేరే బతుకు లేదు.

రివెన్‌లో 'ఇది పజిల్' అని బోర్డు పెట్టింది దాదాపు ఏదీ ఉండదు. ఐదు దీవులు. వాటి మధ్య గాల్లో తేలుతూ పోయే చిన్న రైలుబండి. ఒక దీవిలో గుడి, ఒకచోట అడవి, కొండ అంచున తేనెతుట్టెల్లా వేలాడే మట్టి ఇళ్లు, పిల్లలు చదువుకునే బడి, చెట్లను గుజ్జు చేసి కాగితం తయారుచేసే బాయిలర్. ఊళ్లో మనుషులున్నారు. మిమ్మల్ని చూడగానే ఓ చిన్నపిల్ల పరుగెత్తి దాక్కుంటుంది. ఎవరూ మీతో కూర్చుని కబుర్లు చెప్పరు. ఎదురుపడ్డ ఒకరిద్దరు మాట్లాడినా వాళ్ల భాష మీకు రాదు, కింద అనువాదమూ పడదు. ఈ పరాయి ఊళ్లో మీరు తెలుసుకోవాల్సింది తాళం ఎక్కడుందని కాదు. ఇక్కడ ఎవరు ఎవర్ని ఏం చేస్తున్నారని.

కథ సంగతి క్లుప్తంగా. ఈ ఆటల ప్రపంచంలో కొన్ని ప్రత్యేకమైన పుస్తకాలుంటాయి. ఒక లోకాన్ని వర్ణిస్తూ పుస్తకం రాస్తే, ఆ పుస్తకం మీద చెయ్యి పెట్టి ఆ లోకంలోకి వెళ్లొచ్చు. గెన్ అనే పెద్దమనిషి అలా రివెన్‌ను రాశాడు. రాశాను కాబట్టి సృష్టించింది నేనే, నేనే దేవుణ్ని అని అక్కడి జనం నెత్తిన కూర్చున్నాడు. కొడుకు అట్రస్ వాదన వేరు. ఆ లోకం ఎప్పటినుంచో ఉంది, నువ్వు రాసింది దానికి దారి మాత్రమే అంటాడు. ముప్ఫై ఏళ్ల కిందట అట్రస్ తండ్రిని అదే లోకంలో బందీగా వదిలేసి వచ్చేశాడు. ఇప్పుడు అట్రస్ భార్య కేథరిన్, ఆ గడ్డ మీదే పుట్టిన మనిషి, గెన్ చేతిలో చిక్కుకుంది. పైగా రివెన్ ముక్కలైపోతోంది. పేరులోనే ఉంది, ఆ ఇంగ్లీషు మాటకు చీలిపోయిందని అర్థం. మీ పని గెన్‌ను ఓ వల లాంటి పుస్తకంలో బంధించి, కేథరిన్‌ను విడిపించడం. అట్రస్‌గా నటించింది రాండ్ మిల్లరే. సంగీతం తమ్ముడు రాబిన్‌ది. డిస్నీ 'అలాదీన్' సినిమాకు ప్రొడక్షన్ డిజైనర్‌గా చేసిన రిచర్డ్ వాండర్ వెండీ వీళ్లతో కలిశాక ఆట రూపురేఖలే మారిపోయాయి. తలుపు గొళ్లెం దగ్గర్నుంచి గుడి స్తంభం దాకా ఎవరో నిజంగా వాడుతున్న వస్తువులా ఉంటుంది.

ఇక బడి సంగతి. ఇక్కడ చిన్న స్పాయిలర్ ఉంది. ఒక్క ముక్క కూడా ముందే తెలియకూడదు అనుకునేవాళ్లు రెండు పేరాలు దాటేయండి.

పాత ఆటలో ఆ ఊరి బడిలో ఒక బొమ్మ ఉంటుంది. పైన దారాలకు వేలాడే బుల్లి మనుషులు, కింద నోరు తెరిచిన వార్క్. వార్క్ అంటే ఆ సముద్రంలో తిరిగే తిమింగలం లాంటి పెద్ద జంతువు. మీరు తిప్పితే ఓ గుర్తు పడుతుంది. ఆ గుర్తును బట్టి బుల్లి మనిషి టక్ టక్‌మని కొన్ని మెట్లు కిందికి దిగుతాడు. మళ్లీ తిప్పితే మళ్లీ దిగుతాడు. నోటి దగ్గరకు చేరగానే వార్క్ మింగేస్తుంది. మొదట నవ్వొస్తుంది, మన వైకుంఠపాళిలో పాము మింగినట్టే కదా అని. ఆ టక్ టక్‌లు లెక్కపెడితే ఆ గుర్తులు అంకెలని అర్థమవుతుంది. అబ్బ, భలే కనిపెట్టాం అనుకుంటూ బయటికొస్తారు. అక్కడ నీళ్ల మీద ఉన్న పెద్ద కొయ్య నిర్మాణాన్ని అప్పుడు ఇంకో కంటితో చూస్తారు. అది బొమ్మ కాదు. ఎదురు తిరిగినవాణ్ని నిజంగా వేలాడదీసి వార్క్‌కు వేసే ఉరికొయ్య. ఆ ఊళ్లో పిల్లలకు ఒకటీ రెండూ నేర్పేది దాని నమూనా మీద. గెన్ ఎలాంటి పాలకుడో ఒక్క డైలాగ్ లేకుండా చెప్పేశారు. మీకు లెక్కలు నేర్పుతూ చెప్పారు. మీరు ఆ బొమ్మతో ఆడుకుని, గెలిచి, సంతోషించాక మరీ చెప్పారు.

అక్కడితో అయిపోదు. ఆ బొమ్మ పది దాకానే నేర్పుతుంది. మీకు పాతిక దాకా కావాలి. మిగతావి ఎక్కడా రాసి ఉండవు, మీరే ఊహించాలి. చదరపు గడిలో నిలువు గీత గీస్తే ఒకటి. ఆ గీతే అడ్డంగా తిరిగితే ఐదు. రెండూ కలిపితే, అంటే ప్లస్ గుర్తులా ఉంటే, ఆరు. ఇది గమనించిన క్షణంలో మిగతా అంకెలన్నీ వాటంతట అవే మెదడులో విప్పుకుంటాయి. వీళ్ల లెక్క పాతికల మీద నడుస్తుంది, మన లెక్క పదుల మీద నడిచినట్టు. పాతికకు విడిగా ఒక గుర్తు కూడా ఉంది. మనం ఇరవై అయిదు అనే మాట ఉండగానే 'పాతిక' అని ఇంకో మాట పెట్టుకున్నట్టు అన్నమాట.

ఇలా నేర్చుకోవడం మనకు కొత్తేం కాదు. ౧, ౨, ౩ అని తెలుగు అంకెలు నాకు బడిలో ఎవరూ నేర్పలేదు. తాతయ్య దగ్గర పాత పుస్తకాలుండేవి, పేజీ నంబర్లు తెలుగులో. పుట తిప్పుతూ పోతే ఏది ఏ అంకెో దానంతట అదే తెలిసిపోయేది. తొమ్మిది తర్వాత పుటలో ఒకటి పక్కన సున్నా కనిపించగానే 'ఓహో' అనుకోవడం. రివెన్ ఇచ్చేది అచ్చంగా ఆ 'ఓహో'నే. ఎవరో చెప్పిన జ్ఞానం కాదు, నా కళ్లతో నేను పట్టుకున్నది.

ఇప్పుడు షరతు. యూట్యూబ్‌లో వాక్‌త్రూ చూడొద్దు. ఏఐని అడగొద్దు. అసలు అడగనే వద్దు.

ఇది పాతకాలపు నియమంలా అనిపించొచ్చు. కానీ ఈ ఆట విషయంలో ఇది నీతులు చెప్పడం కాదు, ఖర్చు లెక్క. మామూలు యాక్షన్ ఆటలో ఒకచోట ఇరుక్కుంటే వీడియో చూసి దాటేస్తారు. తర్వాత ఆడడానికి ఇంకా చాలా ఉంటుంది. రివెన్‌లో దారి పూర్తిగా తెలిస్తే మొదటి దీవి నుంచి చివరి దాకా నడిచేయడానికి ఒక్క సాయంత్రం చాలు. మీరు డబ్బు పెట్టి కొన్నది ఆ నడక కాదు. తెలియకుండా గడిపే ఆ రెండు మూడు వారాలు. జవాబు చూసిన ప్రతిసారీ దాంట్లోంచి ఒక ముక్క కోసి పారేస్తున్నట్టే. నా రూమ్మేట్ ఒకడు బడి బొమ్మ దగ్గర ఐదు నిమిషాలు తిప్పి, విసుగొచ్చి, నెట్‌లో అంకెల పట్టిక వెతికి ప్రింట్ తీసుకున్నాడు. ఆట పూర్తి చేశాడు కూడా. "బొమ్మలు బాగున్నాయి, కానీ ఇందులో ఏముందిరా?" అన్నాడు. ఉరికొయ్య చూశావా అని అడిగితే, "ఏ ఉరికొయ్య?" అన్నాడు.

విచిత్రమేంటంటే, ఈ కథలో విలన్ తప్పూ అదే. గెన్‌కు పుస్తకాలు రాసే విద్య పూర్తిగా రాదు. పాత గ్రంథాల్లోంచి బాగున్న వాక్యాలు ఏరుకొచ్చి, అవి అక్కడ ఎందుకున్నాయో తెలియకుండా, తన పుస్తకంలో అతికిస్తాడు. లోకం తయారైనట్టే కనిపిస్తుంది. కొన్నేళ్లకు బీటలు వారడం మొదలవుతుంది. నాలాంటి సాఫ్ట్‌వేర్ వాడికి ఇది చదవగానే గుండె గుభేల్‌మంటుంది. ఎవడో రాసిన కోడ్ ఎత్తి మన ప్రాజెక్టులో అతికించడం, డెమోలో పనిచేసింది కాబట్టి సరే అనుకోవడం, ఆర్నెల్ల తర్వాత అర్ధరాత్రి ఫోన్ మోగడం. ఇప్పుడైతే చాట్‌బాట్ నిమిషంలో రెండొందల లైన్లు ఇచ్చేస్తోంది. నేనూ రోజూ వాడతాను, వాడొద్దని చెప్పే మొహం నాకు లేదు. కానీ ఏదైనా తెలియని విషయం పక్కన కూర్చుని, దాన్ని అలాగే తెలియకుండా ఓ గంట భరించడం అనేది మాకు పూర్తిగా పోతోంది. ఎర్రర్ వచ్చిన పది సెకన్లకే చెయ్యి కాపీ పేస్ట్ మీదకు పోతుంది. రివెన్ ఆడిన మొదటి రెండు రోజులూ నాకు ఆ చెయ్యి దురద పెడుతూనే ఉంది. మూడో రోజుకు తగ్గింది.

నిజానికి ఈ ఆట ఆడడం, ఆఫీసులో పాత సిస్టమ్‌ను చేతికిచ్చినప్పుడు చేసే పని, రెండూ ఒకటే. రాసినవాళ్లు వెళ్లిపోయారు, డాక్యుమెంట్ లేదు, ఆపితే గోల. అప్పుడేం చేస్తాం? ఒక మీట కదిపి ఏం మారిందో చూస్తాం. రివెన్‌లో బాయిలర్ దీవికి వెళ్తే సగం యంత్రాలు పనిచేయవు. ఎందుకో కనుక్కోవడానికి తెలివితేటలు అక్కర్లేదు, పైపు ఎటు పోతోందో దాని వెంటే నడవాలి. పైపు మలుపు దగ్గర వాల్వ్ ఉంటుంది, ఆవిరి ఇంకెటో పోతుంటుంది. అంతే. ఇందులో ట్రిక్ లేదు. ప్లంబర్ కూడా అదే చేస్తాడు.

అంటే ఇది ఇంజినీర్ల ఆట అనుకోకండి. దసరాకు ఖమ్మంలో ఇంటికెళ్లినప్పుడు హాల్లో టీవీకి ల్యాప్‌టాప్ తగిలించి పాత రివెన్ ఆడుతున్నాను. అమ్మ సోఫాలో కూర్చుని వారపత్రికలో గళ్ల నుడికట్టు నింపుతోంది. ఇరవై ఏళ్లుగా ఆమెకది అలవాటు. అడవి దారుల్లో అక్కడక్కడా కన్ను ఆకారంలో చెక్క బంతులుంటాయి. తిప్పితే ఏదో జంతువు అరుపు వినిపిస్తుంది, వెనక ఒక అంకె ఉంటుంది. ఒకటి తిప్పి, అంకె రాసుకుని ముందుకెళ్లబోతున్నాను.

"ఒరేయ్, ఆగు. ఆ అరుపు ఇందాక విన్నాం కదరా" అంది తల ఎత్తకుండానే.

"ఎక్కడ?"

"సముద్రం ఒడ్డున, రాళ్ల మీద ఎండకు పడుకున్నాయే, లావు ఒళ్లూ పొడుగు మెడా... వాటిదే."

వాటిని ఆ ఆటలో సన్నర్లు అంటారు. వెనక్కెళ్లి విన్నాం. అవే. ఆ తర్వాత నాలుగు రోజులూ పెన్ను ఆమె చేతిలో, మౌస్ నా చేతిలో. గెన్, కేథరిన్ రాసుకున్న డైరీలు ఇంగ్లీషులో ఉంటాయి, చేతిరాతతో, పేజీలకు పేజీలు. అవి నేను చదివి తెలుగులో చెప్పేవాణ్ని. మిగతాదంతా, అంటే చూడడం, వినడం, గుర్తుపెట్టుకోవడం, నాకంటే ఆమే బాగా చేసింది. ఒకసారి బయటికెళ్లొచ్చేసరికి నోట్‌బుక్‌లో పాతిక గడులు గీసి, కొన్నింట్లో బొమ్మలు, కొన్నింట్లో ప్రశ్నార్థకాలు పెట్టుకుని కూర్చుంది. "వచ్చే వారం జవాబులు వేయరు కదా వీళ్లు" అని నవ్వింది. మీ ఇంట్లో గళ్ల నుడికట్టు చేసేవాళ్లుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. ఇద్దరు ఆడితే ఈ ఆట రెండింతలు బాగుంటుంది, ఎందుకంటే ఇందులో సగం పని 'ఇది ఎక్కడో చూశాం' అనడమే.

పొగడ్తలు చాలు, చిరాకులు కూడా చెప్పాలి.

మొదటిది తలుపులు. పాత ఆటలో ఒకచోట తలుపు తోసుకుని లోపలికి వెళ్తారు. ముందుకు దారి ఉంది కాబట్టి ముందుకే పోతారు. కానీ వెనక్కి తిరిగి ఆ తలుపు మూస్తే తప్ప దాని చాటున ఉన్న ఇంకో దారి కనిపించదు. దీన్ని చాలామంది గొప్ప ఆలోచన అంటారు. నేను అనను. ఊరి గురించి ఎంత అర్థం చేసుకున్నా ఇది తట్టదు, అదృష్టం ఉంటే తగులుతుంది. మిగతా ఆట అంత మర్యాదగా ఆడించి ఇక్కడ మాత్రం కాలు అడ్డం పెట్టినట్టుంది. అందుకని ముందే చెప్తున్నా, దీన్ని జవాబు చెప్పడం కింద లెక్కేయకండి: తలుపు తీశాక వెనక్కి ఒకసారి చూడండి.

రెండోది నడక. ఒక దీవిలో ఒక మీట, దాని ఫలితం ఇంకో దీవిలో. అనుమానం వచ్చిన ప్రతిసారీ రైలెక్కి పోయి చూసి రావాలి. మొదటి నాలుగుసార్లు రైలు ప్రయాణం కనులవిందు. పదోసారికి సిటీ బస్సే.

మూడోది గోళీల పజిల్. గుడి ఉన్న దీవిలో అడ్డంగా పాతిక, నిలువుగా పాతిక గళ్లున్న పెద్ద పలక. ఆరు రంగుల గోళీలు. వాటిలో సరైనవి ఏరి ఐదు సరైన గళ్లలో పెట్టాలి. మొత్తం 625 గళ్లు, కాబట్టి ఊరికే పెట్టి చూద్దాం అనే ఆశ వదులుకోండి. అప్పటిదాకా నేర్చుకున్న అంకెలు, పటాలు, రంగులు అన్నీ ఒకేసారి కావాలి. ఇది చిరాకుల్లో ఎందుకు పెట్టానంటే, ఎక్కడో ఒక్క రంగు తప్పుగా రాసుకున్నా ఏది తప్పో ఆట చెప్పదు. మౌనంగా ఊరుకుంటుంది. కానీ సరిగ్గా పడినప్పుడు వచ్చే ఆ చప్పుడు ఉంది చూశారూ, అమ్మ చప్పట్లు కొట్టింది. కాబట్టి దీన్ని సగం చిరాకుగానే రాసుకోండి.

ఇక పాతదా, కొత్తదా అనే ప్రశ్న. పాతది కదలని బొమ్మల ఆట. ఒక బొమ్మ మీద నొక్కితే ఇంకో బొమ్మ. ఒక్కో బొమ్మ 608 అడ్డం, 392 నిలువు పిక్సెళ్లు, అంటే నేటి ఫోన్ తెర మీద అరచేతిలో ఓ మూల సరిపోతుంది. అయినా అవి ఒక్కొక్కటీ చిత్రకారుడు కూర్చుని కూర్చినట్టుంటాయి. ఎక్కడ నిలబెట్టి ఏం చూపించాలో వాళ్లే నిర్ణయించారు, కాబట్టి ముఖ్యమైనది కళ్ల ముందుకు దానంతటదే వస్తుంది. పైగా నిజమైన నటులు. గెన్‌గా జాన్ కెస్టన్ మాట్లాడుతుంటే, వీడు చెప్పేది నిజమేనేమో, అట్రస్సే అబద్ధం చెప్పాడేమో అనిపిస్తుంది. అంత మర్యాదగా, అంత అలసిపోయిన పెద్దాయనలా ఉంటాడు. ఏ పాత ల్యాప్‌టాప్‌లోనైనా నడుస్తుంది. ధర కూడా తక్కువే.

కొత్తది అన్‌రియల్ ఇంజిన్ 5తో కట్టారు. స్వేచ్ఛగా తిరగొచ్చు, వంగి చూడొచ్చు, వీఆర్ హెడ్‌సెట్ ఉంటే తల తిప్పి చూడొచ్చు. దీని వెనక ఓ ముచ్చట ఉంది. 'స్టారీ ఎక్స్‌పాన్స్' పేరుతో కొందరు అభిమానులు ఏళ్ల తరబడి, జీతం లేకుండా, రివెన్‌ను త్రీడీలో మళ్లీ కట్టడానికి తంటాలు పడ్డారు. చివరికి ఆ పని సయాన్ చేతికే చేరి అధికారిక రీమేక్ అయింది. మామూలుగా కంపెనీలు ఇలాంటివాళ్లకు లాయర్ నోటీసులు పంపిస్తాయి. కొత్తదాంట్లో కొన్ని పజిళ్లు బాగా మార్చేశారు, ముఖ్యంగా జంతువులది. పాతది కంఠతా వచ్చినవాళ్లు కూడా ఇక్కడ మళ్లీ తల గోక్కోవాల్సిందే. ఇది నాకు బాగా నచ్చింది. నచ్చనిది మనుషుల బొమ్మలు. దీవి అంతా నిజంలా ఉండి, మనిషి ఎదురుపడగానే మైనపు బొమ్మలా కనిపిస్తాడు. గెన్‌తో మాట్లాడే ఆ ఒక్క ఘట్టంలో పాత ఆటలో ఉన్న బరువు ఇక్కడ లేదు.

నన్నడిగితే మొదటిసారి ఆడేవాళ్లు, మంచి గ్రాఫిక్స్ కార్డు ఉంటే, కొత్తది ఆడండి. అది లేకపోతే బాధపడకుండా పాతది ఆడండి, తక్కువేం కాదు. ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి ఆడాలంటే మాత్రం పాతదే. కెమెరా గిర్రున తిరగదు కాబట్టి చూసేవాళ్లకు కళ్లు తిరగవు. మిస్ట్ ఆడకుండా రివెన్ మొదలుపెట్టొచ్చా అంటే, నిక్షేపంగా. అట్రస్, అతని కొడుకులు, కాల్చేసిన పుస్తకాలు, ఆ గొడవంతా ఇక్కడ అవసరపడదు. మీకు కావాల్సిన నేపథ్యం మొదట్లో చేతికిచ్చే డైరీలో ఉంటుంది.

ఎవరు ఆడకూడదో కూడా చెప్పేస్తా. ఆఫీసు నుంచి వచ్చి బుర్ర పక్కన పెట్టి అరగంట ఏదో ఒకటి ఆడదాం అనుకునేవాళ్లకు ఇది పనికిరాదు. వారానికోసారి కాసేపు ఆడేవాళ్లకూ అంతే. నాలుగు రోజులు గ్యాప్ వస్తే ఏ వాల్వ్ ఎటు తిప్పారో మర్చిపోతారు. ఆటలో ఎవరితోనో తలపడి గెలవాలనుకునేవాళ్లకు ఇక్కడ తలపడడానికి ఎవరూ లేరు. సంక్రాంతి సెలవులో, వానాకాలం వారాంతమో దొరికితే, వరసగా కొన్ని రోజులు దీనికే ఇవ్వగలిగితే మొదలుపెట్టండి.

నోట్‌బుక్ విషయం మర్చిపోవద్దు. ఫోన్‌లో ఫొటోలు తీసుకుంటే సరిపోతుంది కదా అంటారు. తీసిన ఫొటో మళ్లీ ఎవరు చూస్తారు? చేత్తో గీస్తే గీస్తున్నప్పుడే ఆ గుర్తులో అడ్డగీత ఉందో నిలువుగీత ఉందో గమనిస్తారు. కాబట్టి గళ్ల కాగితం ఉన్న లెక్కల నోట్‌బుక్, నలభై రూపాయలది చాలు. ఒక పేజీకి ఒక దీవి, వెనక పేజీల్లో అంకెలు, చివరి పేజీలో 'అర్థం కానివి'. ఈ చివరి పేజీ త్వరగా నిండుతుంది, కంగారు పడకండి. మాది రెండో రోజుకే నిండితే అమ్మ అట్ట మీద రాయడం మొదలుపెట్టింది. మొదటి గంటలో ఏమీ విప్పాలని చూడకుండా ఊరికే తిరగండి. రైలెక్కి అడవి దీవిలో దిగి, సముద్రం ఒడ్డుకు వెళ్లండి. సన్నర్లు రాళ్ల మీద పడుకుని ఉంటాయి. గబగబా వెళ్లకండి, నీళ్లలోకి దూకేస్తాయి. ఒక్కో అడుగూ వేసి, ఆగి, అవి తల దించాక ఇంకో అడుగు వేయండి.